పేరు లేని పొట్లం

మందుకు మోకాలెక్కడుందో తెలియదు. ఇప్పుడు నేను పాఠాలు చెప్పే ఫార్మసీ కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలకు మొదట చెప్పే మాట ఇదే. మింగిన మాత్ర కడుపులో కరిగి, కాలేయం దాటి, నెత్తురులో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. మనం కోరిన చోట పనిచేస్తే గుణం అంటాం, కోరని చోట పనిచేస్తే దుష్ఫలితం అంటాం. మందుకు మాత్రం రెండూ ఒకటే. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. నేనూ ఒకప్పుడు రాసుకున్నాను, మంచి మార్కులే వచ్చాయి. ఆ చదువుతోనే వెల్దుర్తిలో మందుల షాపు పెట్టాను. ఆ చదువుండీ మా మేనత్తను పోగొట్టుకున్నాను.

మేనత్త, మామయ్య అదే ఊళ్ళో మిరప పండించేవాళ్ళు. కూలీలను పెట్టి గట్టున నిలబడటం ఆమెకు చేతనయ్యేది కాదు. కోతల రోజుల్లో వాళ్ళతో పాటు తనూ పొద్దుగూకేదాకా వంగి కాయ కోసేది. యాభై దాటాక మోకాళ్ళు, నడుము మొరాయించాయి. ఒకరోజు షాపు మెట్ల మీద కూలబడి, రేపు కోతుంది, ఏదో ఒకటి ఇవ్వమని అడిగింది.

మా వైపు చాలా షాపుల్లో ఒక పద్ధతి ఉండేది. మాత్రలను షీటులోంచి తీసేసి, పూటకొకటి చొప్పున కాగితం పొట్లాలు కట్టి ఇస్తాం. దాన్ని సెట్టు అంటారు. చదువురాని వాళ్ళకు సులువుగా ఉంటుందని పైకి చెబుతాం. అసలు సంగతి, పేరు తెలిస్తే పక్క షాపులో కొనుక్కుంటారు. ఆ సెట్టులో నొప్పి మాత్ర, గ్యాసు మాత్ర, వాటితో పాటు చిన్న తెల్లటి స్టెరాయిడ్ మాత్ర ఉండేవి. నొప్పిని పూటలో లాగేసేది ఆ మూడోదే, అది లేకపోతే షాపుకు పేరు రాదు. సొంత మేనత్తకూ అలాగే కట్టిచ్చాను. ఆమె దగ్గర దాచాల్సిన పనేముంది? అలవాటు. అంతకు మించి కారణం వెతికితే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఏడాదికి పైగా వేసుకుంది. ఆకలి పెరిగింది, బుగ్గలు నిండాయి. ఈ వయసులో పెళ్ళికూతురి కళ వచ్చిందేమిటని వాడకట్టులో వదినలు ఆటపట్టించేవాళ్ళు. ఆమె సిగ్గుపడుతూ, అంతా మా మేనల్లుడి హస్తవాసి అనేది. ఆ గుండ్రటి ముఖం స్టెరాయిడ్ వల్ల వచ్చిందని నాకు తెలుసు. పుస్తకంలో బొమ్మతో సహా చదివినవాణ్ణి. కోతలు అయిపోనీ, మెల్లగా తగ్గిద్దాంలే అనుకున్నాను.

మూత్రపిండాల మీద రెండు చిన్న గ్రంథులుంటాయి. స్టెరాయిడ్ లాంటి పదార్థాన్నే అవి రోజూ తయారుచేస్తాయి. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా రక్తపోటు పడిపోకుండా మనిషిని నిలబెట్టేది అదే. నెలల తరబడి బయటి నుంచి వస్తుంటే ఆ గ్రంథులు పని మానేస్తాయి. సాగర్ కాలువ నీళ్ళొచ్చాక ఊళ్ళో బావులకు ఎవరూ పూడిక తీయనట్టే. అందుకే ఆ మందును కొంచెం కొంచెంగా తగ్గించాలి, ఒక్కసారిగా ఆపకూడదు. ఈ ఒక్క మాట ఆమెకు చెప్పలేదు. చెబితే పొట్లంలో ఏముందో కూడా చెప్పాల్సి వచ్చేది.

ఆ వేసవిలో ఎవరో చెబితే మోకాళ్ళకు పసరు తాగింది. పసరుకు పథ్యం ఉంటుంది. ఉప్పు, పులుపు, మాంసం కూడదు. అన్నిటికన్నా ముందు ఇంగ్లీషు మందు ముట్టకూడదు. పథ్యమంటే మా మేనత్తకు మహా నిష్ఠ. నా పొట్లాలన్నీ డబ్బాలో పెట్టి మూతేసింది. నేను నొచ్చుకుంటానని నాకు చెప్పలేదు.

వారం తిరిగేసరికి వాంతులు, లేవలేని నీరసం. లోపలి చెడంతా బయటికి పోతోందని, పసరు పనిచేస్తోందని ఇంట్లో అనుకున్నారు. పదో రోజు పలకకపోయేసరికి మామయ్య ఆటోలో మాచర్ల తీసుకెళ్ళాడు. అక్కడివాళ్ళు నరసరావుపేట పంపించారు. ఏం మందులు వాడుతోందని అక్కడి డాక్టరమ్మ అడిగితే మామయ్య పొట్లం విప్పి చూపించాడు. ఏ మాత్ర మీదా పేరు లేదు. అప్పుడు నా నంబరిచ్చాడు.

డాక్టరమ్మ ఫోను చేసి సూటిగా అడిగింది. "స్టెరాయిడ్ ఏమన్నా ఇచ్చారా?"

షాపులో నలుగురున్నారు. ఎదురుగా గోడకు నా లైసెన్సు వేలాడుతోంది.

"లేదు మేడమ్. మామూలు నొప్పి మాత్రలే," అన్నాను.

షట్టరు దించి బండి మీద బయలుదేరాను. మాచర్ల దాటాక బండి ఆపాను. రోడ్డు పక్క నుంచే డాక్టరమ్మకు ఫోను చేసి, మందు పేరు, ఎన్నాళ్ళుగా ఇస్తున్నదీ అంతా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు, విని పెట్టేసింది. అప్పటికి గంట దాటింది. వెంటనే ఇంజెక్షన్ చేశారట. నేను వెళ్ళేసరికి మేనత్త లేదు. ఆ గంట ముందే చేసి ఉంటే బతికేదా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. పుస్తకాల్లో దానికి జవాబుంది, అది చదవడానికే భయం.

పెద్దకర్మ రోజు మామయ్య వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెప్పాడు, మా వాడి బిళ్ళలు మానకపోతే బతికేదని. ఆ మాట నిజమే, అందుకే తల ఎత్తలేకపోయాను. భోజనాలయ్యాక టెంటు కింద నా పక్కన కుర్చీ వేసుకుని మోకాలు నిమురుకుంటూ అన్నాడు.

"నాక్కూడా అయ్యే కట్టియ్యిరా. నేను మీ అత్త లెక్కన మాననులే."

ఇక దాచలేకపోయాను. ఆ పొట్లంలో ఏముందో, దాన్ని ఒక్కసారిగా ఎందుకు ఆపకూడదో, ఆ సంగతి అత్తకు నేను ఎందుకు చెప్పలేదో అంతా చెప్పాను. ఆయన నేల చూస్తూ విన్నాడు. విన్నాక ఒక్కటే అడిగాడు.

"ఆ డాక్టరమ్మ ఫోను చేసినప్పుడన్నా చెప్పావు గదరా?"

"మొదట అడిగినప్పుడు చెప్పలా మామయ్యా. లేదన్నా."

ఆయన లేచాడు. కుర్చీ ఎత్తుకుని టెంటు అవతలి వరసలోకి వెళ్ళి, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. మేనత్త పోయిన రోజు రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.