టీచరమ్మ ఆపించిన అంకెలు

మా టీచరమ్మ పోయిన నెల ప్రభువు సన్నిధికి చేరారు. పొద్దున్నే చర్చి గంట వేళకాని వేళ మోగితే, జిరాక్స్ షాపు షట్టరు సగం ఎత్తి అలాగే వదిలేసి పరుగెత్తాను. నిద్రలోనే పోయారట. ఏడ్చాను. కానీ ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే ముందు నవ్వే వస్తోంది.

కావలికి తూర్పున, సముద్రపు గాలి తగిలే మా ఊళ్ళో నాకు ఎక్కాలు నేర్పింది ఆవిడే. రిటైరయ్యాక ఆవిడకు కంప్యూటర్ పిచ్చి పట్టింది. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి తయారుచేసి, ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోండని ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటుంది. దాన్ని తెలుగులో పరీక్షించి, తప్పులుంటే వాళ్ళకు రాసి పంపడం ఆవిడ పెట్టుకున్న పని. ఉప్పుగాలికి తుప్పుపట్టి జనం వద్దనుకున్న కంప్యూటర్లన్నీ చర్చి వెనక గదికి చేరేవి. నా షాపులో స్క్రూడ్రైవర్లూ అక్కడికే చేరేవి, తిరిగి మాత్రం వచ్చేవి కావు.

పరీక్షించేటప్పుడు ఆవిడ మౌస్ ముట్టుకునేవారు కాదు. ఏమీ తెలియని మనిషిని కూర్చోబెట్టి, వెనక కుర్చీలోంచి చూసేవారు. మధ్యలో నోరు జారి చెప్పేస్తానేమోనని బుగ్గన ఉసిరి వరుగు పెట్టుకునేవారు.

"నాకు తెలిసింది నేనే నొక్కితే పరీక్ష ఏందబ్బయ్యా? తెలియనోళ్ళు ఏడ తడబడతారో అది కదా చూడాల్సింది" అనేవారు.

ఒకసారి ఆ సిస్టమ్ వాళ్ళు కొత్త ఇన్‌స్టాలర్ పంపారు. అంటే, సిస్టమ్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించే ప్రోగ్రాం. పాతది పక్కనపెట్టి ఇకమీదట అందరికీ ఇదే ఇస్తాం, ముందు పరీక్షించి చెప్పండి అన్నారు. టీచరమ్మ మా వీధిలో మగ్గం వర్క్ చేసే అక్కను పిలిచారు. అక్క జాకెట్లకు గీసుకున్న డిజైన్లన్నీ ఆమె ఇంటి కంప్యూటర్‌లో ఉన్నాయి. ఆమె బతుకుదెరువు అదే. ఆ కంప్యూటర్ మొరాయిస్తుంటే కొత్త సిస్టమ్ ఎక్కిద్దామనుకున్నారు. అంతకుముందు చర్చి గదిలోని పాత మిషన్ మీద అక్క చేత చేయించి చూద్దామని టీచరమ్మ ఆలోచన.

చివరి ప్రశ్న దాకా అక్క చక్కగా వచ్చింది. డిస్కులో ఉన్నదంతా చెరిపేసి ఎక్కించాలా, ఉన్నది ఉంచి పక్కన ఎక్కించాలా అని అడిగింది కంప్యూటర్. అక్క మౌస్ మీద చెయ్యి తీసేసింది. గుమ్మంలో నిలబడ్డ పాస్టరుగారిని చూసి, "అయ్యగారూ, ఒక్క మాట ప్రార్థన చెయ్యండి" అంది.

మా అయ్యగారి ఒక్క మాట సంగతి ఊరందరికీ తెలుసు. కంప్యూటర్‌ను దీవించారు, కరెంటును దీవించారు, వేటకు పోయిన పడవలను, పరీక్షలు రాసే పిల్లలను కూడా దీవించారు. మాది గుడికి వెళ్ళే ఇల్లే అయినా నేనూ కళ్ళు మూసుకునే ఉన్నాను. ఆమెన్ అని తెరిచేసరికి డిస్కు చెరిపేయడం అయిపోయింది, సిస్టమ్ ఎక్కుతోంది. ఆ ప్రశ్న మూలన చిన్న అంకెలు తగ్గుతూ వస్తాయట. అవి సున్నాకు చేరేలోగా జవాబు చెప్పకపోతే, అంతా చెరిపేయమన్నట్టే లెక్కట.

పాత మిషన్ కదా, పోయిందేమీ లేదు. నవ్వుకున్నాం. అక్క మాత్రం నవ్వలేదు.

"ఇదే నా కంప్యూటర్ అయ్యుంటే, టీచరమ్మా?"

టీచరమ్మ నోట్లోని వరుగు చేతిలోకి తీసి, "నీ డిజైన్లన్నీ పోయుండేయి" అన్నారు. ఇక ఆవిడ ముఖంలోనూ నవ్వు లేదు.

ఆ రోజే వాళ్ళకు రాశారు. ఆ ప్రశ్న దగ్గర అంతసేపు ఎవరూ ఊరుకోరని, చాలా మిషన్లకు ఒకేసారి ఎక్కించేవాళ్ళకు ప్రతిదాని దగ్గరా కూర్చుని నొక్కే పని లేకుండా ఆ అంకెలు సౌకర్యమని మర్యాదగానే జవాబొచ్చింది. దానికి ఆవిడ రాసింది నాకు తెలుగులో చదివి వినిపించారు: "మా ఊళ్ళో దేవుడికి చెప్పకుండా కొత్త పని మొదలుపెట్టం. మీకు ఆ అలవాటు లేకపోయినా పొయ్యి మీద పాలైనా ఉంటాయి కదా. మనిషి మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు కాదు."

వాళ్ళు మంచివాళ్ళు, అంకెలు తీసేశారు. టీచరమ్మ వీధంతా కజ్జికాయలు పంచారు. ఎందుకో సగంమందికి అర్థం కాలేదు గానీ అందరూ తిన్నారు. నేను రెండోసారి వెళ్ళి మరీ తెచ్చుకున్నాను.

అందరికీ ఇచ్చే ఆ ఇన్‌స్టాలర్ చివరి రూపం వచ్చేసరికి ఆవిడ లేరు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక అక్క నన్ను ఇంటికి పిలిచింది. డిజైన్లు ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీస్తానంటే, "ఎందుకబ్బయ్యా, టీచరమ్మ చూసిందే కదా" అంది. నేను వినలేదు, తీశాను. ఆ తర్వాత అక్కే ఒక్కొక్కటీ చదువుకుంటూ నొక్కింది.

చివరి ప్రశ్న వచ్చింది. ఈసారి అక్కే ప్రార్థన మొదలుపెట్టింది. టీచరమ్మ పేరు దగ్గర ఏడుపొచ్చి ఆగిపోయింది. చాలాసేపు మాటే రాలేదు. నేను కళ్ళు మూసుకునే కూర్చున్నాను. ఎప్పటికో ఆమెన్ అంది.

కళ్ళు తెరిచి చూస్తే ప్రశ్న అలాగే ఉంది.

"నొక్కక్కా" అన్నాను.

అక్క చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఉండబ్బయ్యా. ఎంతసేపైనా ఆగుతాదంట కదా, కాసేపు చూస్తా."

ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. అది ఆగే ఉంది.