ఘనపురం గుట్ట మీద పట్టుదారాలు

గద్వాలలో మగ్గాల వీధి మొత్తం ఒక మాట తిరిగింది. నేతపని చేసే కురుమూర్తి, డిగ్రీ చదివే కూతురు శ్రావణిని వెంటబెట్టుకుని ఆదివారం ఆదివారం ఘనపురం ఖిల్లా ఎక్కి గుప్తనిధులు తవ్వుతున్నాడట. పొదకు ఎర్రదారం, పసుపుదారం కట్టి పూజ చేశాడట. మూడు కాళ్ల మిషన్ ఒకటి మోసుకుపోతాడట, భూమిలో బంగారం ఎక్కడుందో అది చెబుతుందట. ఈ మాట బస్సెక్కి వనపర్తి దాకా పోయి, అక్కడ కాస్త ఒళ్లు చేసి తిరిగొచ్చింది. పోయేటప్పుడు వెండి బిందె, వచ్చేటప్పటికి బంగారు బిందె.

దారాలు కట్టిన మాట నిజమే. మూడు కాళ్లదొకటి ఉన్న మాటా నిజమే. మిగిలిందంతా అబద్ధం. అసలు సంగతి ఇది.

కురుమూర్తి నేసిన చీర పట్టుకుంటే తెలుస్తుంది అతనేంటో. గద్వాల చీరంటే ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసేచోట వేసే కుట్టు చాలామంది చేతిలో గట్టు కట్టినట్టు తగులుతుంది. కురుమూర్తి చేతిలో అది వేలికి అందదు. కానీ ఆ పని ఒక్కడితో కాదు. అవతలి అంచు దారం మోసే నాడె అందుకోవడానికి పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి. పెళ్లయిన నాటి నుంచి ఆ చోటు భార్య జోగులమ్మది. ఆమెకు నడుము పట్టేయడం మొదలయ్యాక, ఇక కూతురు కూర్చుంటుందిలే అనుకున్నాడు.

శ్రావణి మొహమాటపడలేదు. “నాయినా, నేను మగ్గం గుంటల కూసోను. నాకు ఫోటోలు తీసుడే ఇష్టం,” అంది. మేనమామ స్టూడియో మూసేసినప్పుడు ఇచ్చిన పాత కెమెరా అప్పటికే ఆమె చేతిలో ఉంది.

కురుమూర్తి తిట్టలేదు, కొట్టలేదు. “సరే,” అన్నాడు. ఆ ఒక్క ముక్క ఇంట్లో గోడలా లేచింది. కోపం లేదని చెప్పడం ఆయనకు చేతకాలేదు, అడగడం ఆ పిల్లకు చేతకాలేదు. “తింటవా?” “తింట.” “పోతున్నవా?” “పోతున్న.” తండ్రీకూతుళ్ల మధ్య మిగిలింది అంతే. జోగులమ్మ నడుముకు గుడ్డ బిగించి కట్టుకుని మళ్లీ మగ్గం దగ్గర కూర్చుంది. అటు భార్య మూలుగు, ఇటు కూతురి మౌనం. మధ్యలో కురుమూర్తి. దవాఖానలో చూపించుకునే నొప్పి కాదది.

అట్లాంటి రోజుల్లో, నూలూ పట్టూ ఇచ్చి చీరలు నేయించుకునే సావుకారు వంశీధర్ వచ్చి, “పాత రంగులు చూసి చూసి గిరాకీలకు విసుగొచ్చింది. ఎవరూ నేయని రంగొకటి పట్టుకరా కురుమూర్తీ,” అన్నాడు.

శ్రావణి చార్జింగుకు పెట్టిన ఫోనులో ఒక ఫోటో కనబడింది కురుమూర్తికి. స్నేహితులతో వెళ్లినప్పుడు ఘనపురం గుట్ట మీద తీసింది. తెల్లారే ముందు చెరువు మీది రంగు. వంగపండూ కాదు, బూడిదా కాదు, లోపల ఎక్కడో నిప్పు ఉన్నట్టు. వెంటనే ఫోను తీసుకుపోయి రంగులద్దే వాడికి చూపించాడు. ఆ ఫోను వెలుతురు పూర్తిగా పెంచి ఉందన్న సంగతి ఇద్దరికీ తెలియదు. మూడోనాడు దారం వచ్చింది. చూసి జోగులమ్మ, “గిది కట్టుకుంటే ఎద్దులు బెదురుతయి,” అంది.

శ్రావణి ఫక్కుమంది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో వినబడిన నవ్వు అది. “ఫోనుల రంగు నమ్ముతరా నాయినా? అక్కడికి పోయి కండ్లతోని చూడాలె.”

“అయితే నన్ను గూడ తీస్కపో,” అన్నాడు కురుమూర్తి.

ఆదివారం కోడి కూయకముందే బండి మీద బయలుదేరారు. బీచుపల్లి వంతెన దాటేటప్పుడు కృష్ణ మీంచి చలిగాలి కొట్టింది. వెనక కూర్చున్న శ్రావణి తన చున్నీ తీసి తండ్రి చెవులకు చుట్టింది.

గుట్ట ఎక్కడం మొదలైతే అసలు పని తెలిసింది. పొద్దంతా గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే మనిషి. సీతాఫలం చెట్ల మధ్య బాటలో బండలు, బండల మధ్య ముళ్లు. మోకాళ్ల మీద చేతులు వేసి, ప్రతి మలుపులో కోటగోడకు ఒరిగి, “జర ఆగు బిడ్డా,” అంటూనే ఎక్కాడు.

“ఏంది నాయినా, ఇన్నేండ్లు మగ్గం తొక్కిన కాళ్లు గివేనా?”

“మగ్గం కూసోని తొక్కుతరే పిచ్చిదానా. ఎవ్వడన్న గుట్టెక్కి తొక్కుతడా?”

పైన గాలి. కింద గణపసముద్రం చెరువు, దాని చుట్టూ వరిమళ్లు, ఇంకా చీకటి వదలని బండలు. శ్రావణి స్టాండు మూడు కాళ్లు విప్పి కెమెరా బిగించింది. కురుమూర్తి సంచీ విప్పాడు. అందులో ఇన్నేళ్లుగా మిగిలిపోయిన పట్టుదారం ముక్కలు. చామంతి పసుపు, కుంకుమ ఎరుపు, నేరేడు, పావురాయి మెడ. దారాన్ని చేతిలో పట్టుకుని చూస్తే చేతి నీడ పడి రంగు మారుతుంది. ఎక్కడైనా వేలాడదీసి దూరం జరిగి చూడాలి. అందుకని ఒక ముళ్లపొదకు వరసగా కట్టేశాడు. కట్టి, పొద్దు పొడిచే వైపు వీపు పెట్టి నిలబడ్డాడు.

“అందరు సూర్యుణ్ణి చూడ వస్తరు. నువ్వేంది అటు దిక్కు తిరిగినవ్?”

“వెలుగు దేని మీద పడ్డదో చూస్తున్న. రంగు అక్కడనే ఉంటది.”

శ్రావణి కాసేపు తండ్రి వీపు చూసింది. తర్వాత కెమెరా అటు తిప్పింది. చెరువు నల్లగా ఉండి, ఉన్నట్టుండి రంగు ఎక్కింది. ఆ పిల్ల నోరు విప్పింది. గాలికి కెమెరా ఎందుకు కదలకూడదో, బొత్తం నొక్కేముందు ఊపిరి ఎందుకు బిగబట్టాలో, ఏ మబ్బు కోసం ఎంతసేపు ఆగాలో చెబుతూనే ఉంది. కురుమూర్తికి సగం అర్థం కాలేదు. అయినా “ఊ” కొడుతూనే ఉన్నాడు. ఎక్కడ ఆపేస్తుందోనని ఆయన భయం. ఒకసారి ఆయన చేత కూడా బొత్తం నొక్కించింది. నాడె విసిరే చేయి కదా, గట్టిగా నొక్కాడు. ఫోటోలో గుట్టంతా ఊగింది.

“నాయినా, భూకంపమొచ్చింది!” అని పడీపడీ నవ్వింది.

దిగేటప్పుడు కురుమూర్తి అన్నాడు: “రంగు జర దగ్గరికొచ్చింది గని, చేతికి రాలె. మళ్ల ఆదివారం రావాలె.”

మాటల్లో పడి పొదకు కట్టిన దారాలు విప్పడం మరచిపోయారు. మేకలు తోలుకొచ్చిన ఒకాయన కంట అవి పడ్డాయి. పాత కోట, ముళ్లపొద, పసుపుదారం, ఎర్రదారం. ఇక చెప్పేదేముంది?

మరుసటి ఆదివారమూ వెళ్లారు, ఆ మరుసటి ఆదివారమూ. ప్రతిసారీ కురుమూర్తి అదే మాట: “ఇంక జర తక్కువుంది.” ఈలోపు పుకారు వీధి చేరింది.

ఒక్క మాట చెబితే అయిపోయేది. కానీ మగ్గాల వీధిలో పద్ధతి ఒకటుంది. కొత్త రంగు మగ్గం దిగేదాకా బయటపెట్టరు. పెడితే పక్కింటి మగ్గం మీద ముందు దిగుతుంది. అందుకని ఎవరడిగినా కురుమూర్తి, “ఊకెనే పోతున్నం,” అనేవాడు. ఊరికే ఘనపురం గుట్ట ఎక్కేవాడు ఉంటాడా? నిధి మాట ఇంకా గట్టిపడింది.

జోగులమ్మ ఏడ్చింది. “సావుకారు చెవిల పడితే నూలు వాపస్ తీస్కపోతడు. పిల్లను గూడ పోలీసుస్టేషన్ దాక పంపుతవా ఏందయ్యా? ఇంక గుట్టకు పోయేది లేదు.”

కురుమూర్తి తల వంచుకుని నాడెలో దారం సర్దుకున్నాడు. నూలు పోతే ఇంకో సావుకారు దొరుకుతాడు. గుట్ట పోతే? మళ్లీ “తింటవా, తింట” అన్న రోజులే కదా. ఆ రోజు ఆయన నేసిన దాంట్లో మొట్టమొదటిసారి కుట్టు వేలికి తగిలింది. చూసుకుని, అంతా విప్పేశాడు.

భయపడినట్టే వంశీధర్ వచ్చాడు. వీధి వీధంతా ఆయన వెనక వచ్చింది. “ఏంది కురుమూర్తీ, నేను రంగు తెమ్మంటే నువ్వు నిధులు తెస్తున్నవంట? జర చెప్పు, నాక్కూడ వాటా ఉంటదా?”

నలుగురూ నవ్వారు.

లోపలి నుంచి శ్రావణి కెమెరా పట్టుకుని వచ్చింది. “మా నాయిన చెప్పడు. మీరే చూడుండ్రి,” అని సావుకారు చేతిలో పెట్టింది. అందులో గుట్టలూ చెరువూ చాలానే ఉన్నాయి. కానీ ఆ పిల్ల ఆపి చూపించిన ఫోటో వేరు. కోటగోడ మీద కురుమూర్తి, చెవులకు కూతురి చున్నీ, ఎదురుగా పొదకు వేలాడే పట్టుదారాలు, వాటిలో ఒకదాని వెనక సరిగ్గా అదే రంగులో చెరువు. దారం ఎక్కడ అయిపోయిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో చెప్పడం కష్టం.

వంశీధర్ వాటా మాట మరచిపోయాడు. “గిదే,” అన్నాడు. “గీ రంగే అంచుకు కావాలె.”

కురుమూర్తి రహస్యం వీధంతా చూసేసింది. అయినా ఆయన మొహంలో కోపం లేదు. కెమెరా కేసి కాదు, ఫోటో తీసిన పిల్ల కేసి చూస్తున్నాడు.

చీర మగ్గం దిగింది. అవతలి అంచు పనికి జీతమిచ్చి ఒకావిడను పెట్టుకున్నారు, జోగులమ్మ నడుముకు విశ్రాంతి దొరికింది. అయినా ఆదివారం వస్తే బండి చప్పుడు మాత్రం ఆగలేదు. చీర అయిపోయాక ఇంకేం రంగు కోసం పోతున్నట్టు? వీధి చివరింటి రుక్కమ్మకు ఆ సంగతి తేలక అన్నం సహించలేదు. ఒకనాడు శ్రావణి కాలేజీకి పోవడం చూసుకుని, మగ్గం గుంట పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

“కురుమూర్తీ, నిజం చెప్పు. గా రంగు కోసం అన్ని వారాలెందుకు పట్టింది? నీ కండ్లకు గంత కష్టమైన రంగుందా లోకంల?”

కురుమూర్తి నాడె ఆపాడు. వీధి వైపు ఒకసారి చూశాడు, కూతురు మలుపు తిరిగిందో లేదోనని.

“రంగు మొదటి ఆదివారమే దొరికింది పెద్దమ్మా,” అన్నాడు. “బిడ్డకు చెప్పకు.”