గడిలో ఎవరున్నా కల్లు మాదే

నేను కోడలిగా ఆ ఊరికి వచ్చిన రోజే మా అత్త నాకు గడి గురించి చెప్పింది. కోరుట్లలో రుద్రంగి వైపు పోయే బస్సెక్కి, దారిలో దిగి, మట్టిబాట మీద నడుస్తున్నాం. తాటివనం వెనక నల్లటి రాతిగోడ, గోడ లోపల రెండంతస్తుల దొర ఇల్లు కనిపించాయి. అంత పెద్ద ఇల్లు నేను పుట్టిన ఊళ్లో లేదు. తలెత్తి చూస్తున్నాను.

"గటు సూడకు పిల్లా," అంది అత్త. "దాని దిక్కు సూసి బాగుపడ్డోళ్లు లేరు."

కొత్త పెళ్లికూతురితో అనే మాట కాదది. మా అత్తకు అలాంటి పట్టింపులు లేవు. ఆమె పుట్టిందీ మెట్టిందీ ఆ ఊళ్లోనే. పుట్టినప్పటి నుంచీ ఆ గోడ ఎదురుగానే బతికింది, దాన్ని ఒక్కరోజు కూడా క్షమించలేదు.

మాది కల్లు గీసే ఇల్లు. మా మామ, మా ఆయన పొద్దున్నే చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని తాటివనానికి పోయేవాళ్లు. గడి గోడ పక్కనున్న చెట్లే మావి. దించుకొచ్చిన మట్టి లొట్లలోంచి కల్లు వడపోయడం అత్తకూ నాకూ పని. వడపోస్తూ అత్త చెప్పేది, నేను వినేదాన్ని. కథ చెప్పినట్టు చెప్పేది కాదు, తిట్టినట్టు చెప్పేది.

"ముందుగాల దొర. దొరకు దినాం ఒక లొట్టి పైసలు లేకుండ ఉత్తగనే పోవాలె. గటెంక నిజాం పోలీసులచ్చి గడిల దిగిండ్రు. ఆల్లకూ ఉత్తగనే. గటెంక మిలిట్రోళ్లచ్చిండ్రు. నిజాం రాజ్జెం పోయింది, ఇగ మనదే రాజ్జెం అన్నరు. మా నాయిన మస్తు సంబురపడ్డడు. తెల్లారి మిలిట్రోళ్లు కల్లడిగిండ్రు."

"మరి మిలిట్రోళ్లు పోయినంక?"

"మల్ల దొరనే అచ్చిండు. ఎప్పటి లెక్కనే."

వీళ్లందరికీ లొట్టి నెత్తిన పెట్టుకుని మోసింది మా అత్తే. చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి మోసింది. కల్లు పెద్ద దర్వాజలోంచి పోకూడదు. వెనక పశువుల కొట్టం పక్క నుంచి వంటింటి వాకిట్లోకి ఒక చిన్న తలుపుంది. వంగి పోవాలి. లొట్టితో వంగినప్పుడు కల్లు ఒలికితే దొరసాని తిట్టేది, సిపాయిలు నవ్వేవాళ్లు. ఒకసారి ఒలికినందుకు అత్త చెంప వాచింది. ఎవరు కొట్టారని అడిగితే, "ఎవ్వలైతేంది, గడిలోడే" అనేది.

నేను వచ్చేనాటికి దొర ఊళ్లో లేడు. ఊళ్లో కూలీల సంఘం లేచింది. వెట్టి చెయ్యం అన్నారు, పాలేర్ల జీతాలు పెంచమన్నారు. దొర ఇల్లంతా సర్దుకుని జగిత్యాల పోయాడు. గడికి తాళం పడింది. కొన్నాళ్లకు సంఘపు పిల్లలు ఆ తాళం పగలగొట్టి, పైన ఎర్రజెండా కట్టారు. ఊరు ఊరంతా లోపలికి పోయి చూసి వచ్చింది. నేనూ పోయాను. మా ఆయన ఆ మీటింగులకు పోయేవాడు. అత్త మాత్రం గడప తొక్కలేదు.

"ఇప్పుడది మనదే కదనే అవ్వా, పెద్ద దర్వాజలకెల్లి రా," అని మా ఆయన బతిమాలాడు.

"మనదైతే కూలగొట్టుండ్రి. కూసునుడెందుకు?" అంది.

సంఘం వల్ల వెట్టి పోయిందని అత్త ఒప్పుకునేది. బీడీలకు తునికాకు ఏరినవాళ్లకు రేటు పెరిగిందనీ, ఉత్తకల్లు మోసే పీడ వదిలిందనీ ఆమే నలుగురికీ చెప్పేది. అయితే ఒక రోజు, పోలీసులకు కబుర్లు చెప్తున్నాడని ఒక గొర్లకాపరిని తీసుకొచ్చి గడిలో పంచాయితీ పెట్టారు. వంటింటి వాకిట్లో గుంజకు కట్టి కొట్టారు. ఆ గుంజకే దొర కాలంలో బాకీదార్లను కట్టేవాళ్లట. వాని అరుపులు మా ఇంటి వరకు వినిపించాయి. అత్త కల్లు వడపోసే గుడ్డ పక్కన పడేసి లేచి నిలబడింది. ఆ రోజు మా ఆయన అన్నం తినడానికి వస్తే కంచం పెట్టలేదు.

"నువ్వు కొట్టినవా?"

"నేను కొట్టలే. నిలబడ్డ గంతే."

"నిలబడ్డోడివి ఆడనే తిను పో."

ఆ తర్వాత మా ఆయన మీటింగులకు పోవడం తగ్గించాడు. తగ్గించినా పోలీసులకు అది లెక్కలోకి రాలేదు.

ఒక ఎండాకాలం పొద్దున లారీల్లో పోలీసులు దిగారు. లోపలి గదుల తాళంచెవులు జగిత్యాల నుంచి దొరే పంపాడు. సాయంత్రానికల్లా గడి మీద ఇసుక బస్తాలు లేచాయి. గోడ చుట్టూ ముళ్లతీగ పడింది. మీసాలు రాని పిల్లల నుంచి నడివయసు మగవాళ్ల దాకా రోజూ పోయి గేటు ముందు కూర్చోవాలని చాటింపు వేయించారు. ఎందుకు కూర్చోవాలో ఎవరికీ చెప్పలేదు. ఎండలో కూర్చోబెట్టి, పొద్దు గూకినాక పొమ్మనేవాళ్లు. పొలాలు ఎండిపోయాయి. ఇంత జరిగాక ఒక జవాను మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి కల్లు అడిగాడు. అత్త నా వైపు చూసి గట్టిగా నవ్వింది. ఆ నవ్వు వింటే నాకే భయం వేసింది.

క్యాంపుకు పెద్ద ఒక ఎస్సై. ఆంధ్రా వైపు మనిషి. వయసు ఎక్కువ లేదు, ఎప్పుడూ నిద్రలేనట్టు ఎర్రటి కళ్లతో ఉండేవాడు. అతనికి తాటివనం గిట్టలేదు. గీతవాళ్లందరినీ పిలిపించి, చేతికి గొడ్డళ్లు ఇప్పించాడు. నేనూ అత్తా ఇంటి ముందే నిలబడి చూస్తున్నాం.

"సారూ, ఇవి మా తాత గీసిన చెట్లు," అన్నాడు మామ. "గీ చెట్లు లేకుంటే మేమేం తినాలె?"

"చెట్ల చాటున ఎవడొస్తున్నాడో నాకు కనపడట్లేదయ్యా. రేపు నా మనుషులు చస్తే నువ్వొచ్చి ఏడుస్తావా? కొట్టండి."

మామ కొట్టాడు. ముందు చుట్టూ తిరిగి చెట్టును చేత్తో తడిమాడు, తర్వాత కొట్టాడు. తాటిచెట్టు అంత తొందరగా తెగదు. చాలాసేపు కొట్టాల్సి వచ్చింది. రెండో చెట్టు దగ్గర మామ చేతిలోంచి గొడ్డలి జారింది. జవాను లాఠీతో వీపున పొడిచాడు. అప్పుడు మా ఆయన తన గొడ్డలిని ఎస్సై కాళ్ల ముందు విసిరేశాడు.

"మీకు అవుపడకపోతే మీరే కొట్టుకోండ్రి. మేం మీ జీతగాళ్లమా?"

మా ఆయన్ని నా కళ్ల ముందే ఈడ్చుకుపోయారు. పెద్ద దర్వాజ మూసుకుంది.

రెండు మూడు రోజులు గేటు దగ్గరికి పోయి వచ్చాం. సెంట్రీ తుపాకీ అడ్డం పెట్టి తోలేశాడు. బతికున్నాడో లేదో కూడా చెప్పలేదు. అత్త ఏమనుకుందో ఏమో, నన్ను వెంటబెట్టుకుని జగిత్యాల బయల్దేరింది. గడి ఇచ్చినవాడు దొర కాబట్టి, అతను ఒక్క మాట చెప్తే వదులుతారని ఊళ్లో అన్నారు. కోరుట్లలో బస్సు మారాం.

దొర కొత్త ఇల్లు పట్నపు ఇల్లు. తెల్లగా, పూలకుండీలతో ఉంది. దొర వాలుకుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముసలివాడయ్యాడు. 'నీ బాంచెన్' అని అత్త వంగుతుందేమోనని నేను చూశాను. ఆమె వంగలేదు. మెట్ల కింద నిలబడే మాట్లాడింది.

"నా కొడుకు నీ గడిల ఉన్నడు. చెప్పి ఇడిపియ్యి."

"ఇప్పుడది నా గడా?" అన్నాడు దొర. "సర్కారుకిచ్చిన. నన్ను ఊళ్లెకెల్లి ఎల్లగొట్టిండ్రు గద. మీ సంఘపోళ్లనే అడుగుపో."

"ఎల్లగొడితే తాళంచెయ్యి నీ దగ్గరెట్లున్నది?"

దొర ముఖం మాడిపోయింది. "ఈమెను బయటికి పంపుండ్రి," అని లోపలికి కేకేశాడు. మేము పంపించుకోకుండానే బయటికి వచ్చాం. ఆ పూలకుండీల్లో ఒకదాన్ని కాలితో తన్నాలనిపించింది. తన్నలేదు. ఇప్పటికీ అది తన్నాల్సిందే అనిపిస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం ఎండ నెత్తిమీద ఉండగా అత్త లొట్టిలో కల్లు పోసింది. నెత్తిన చుట్టబట్ట పెట్టుకుని లొట్టి ఎత్తుకుంది.

"నువ్వు ఇంటికాడుండు."

"నేను గూడ అస్త."

"అస్తే నోరు మూసుకుని రా."

గడి వెనక్కి పోయాం. అక్కడ పశువుల కొట్టం కూలిపోయి తుమ్మలు మొలిచాయి. పోలీసులు అటువైపు ముళ్లతీగ కట్టారు గాని, తుమ్మల చాటున ఆ చిన్న తలుపు ఉందని గమనించలేదు. అత్త తీగ కిందనుంచి దూరింది. నేను లొట్టి అందించి వెనకే దూరాను. తలుపు చెక్క పుచ్చిపోయి ఉంది. భుజంతో నెట్టగానే తెరుచుకుంది. ఇద్దరం వంగి, గడి వంటింటి వాకిట్లోకి పోయి నిలబడ్డాం.

అక్కడ ఒక జవాను బనీనుతో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. మమ్మల్ని చూసి కేక వేశాడు. క్షణంలో చుట్టూ తుపాకులు. అత్త లొట్టి దించి నేల మీద పెట్టింది. కల్లు ఒలకలేదు.

ఎస్సై పరుగెత్తుకొచ్చాడు. "ఎలా వచ్చావ్ లోపలికి? ఎవరు పంపారు?"

"ఎవ్వలు పంపుతరు? నా పోరని కోసం అచ్చిన. గిది నేను కల్లు మోసిన తొవ్వ. మీ అసొంటోళ్లకే మోసిన."

అతని జవాబు కోసం చూడకుండా, గొంతు చించుకుని కొడుకును పేరు పెట్టి పిలిచింది. వడ్లు పోసే అర్రలోంచి "అవ్వా" అని వినిపించింది. గొంతు బొంగురుపోయినా అది మా ఆయనదే. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

ఎస్సై ముందు తన జవాన్లను తిట్టాడు. ఆ తలుపులోంచి మేము కాక ఇంకెవరైనా వచ్చి ఉంటే క్యాంపులో ఒక్కడూ మిగిలేవాడు కాదని అందరికంటే అతనికే బాగా తెలుసు. ముఖం పాలిపోయింది. భయపడ్డ మనిషి ఏం చేస్తాడో ఆ రోజు చూశాను.

"ఈ దారి మీరే మూసెయ్యండి," అన్నాడు. "మూస్తేనే నీ కొడుకు గురించి మాట్లాడతాను."

కూలిన కొట్టం రాళ్లు అత్తా నేనూ మోశాం. మట్టి తొక్కాం. ఆ ఇంట్లో వెట్టి పోయిందన్నారు గదా, మళ్లీ వెట్టే చేశాం. అత్త ఒక్కో రాయి పెడుతూ ఒక్కొక్కరినీ తిట్టింది. గడి కట్టిన దొర తాతను, నిజాం పోలీసులను, మిలిటరీవాళ్లను, దొరను, గుంజకు కట్టినవాళ్లను, చివరికి ఎదురుగా నిలబడ్డ ఎస్సైని. ఎవరికీ తక్కువ చెయ్యలేదు. కాపలా ఉన్న జవాను ఈ వైపువాడే. అన్నీ అర్థమవుతూనే ఉన్నా తల వంచుకుని నిలబడ్డాడు గాని నోరు మూసుకొమ్మనలేదు.

పొద్దు వాలుతుండగా మా ఆయన్ని బయటికి తెచ్చారు. ఇద్దరు పట్టుకుంటే నడిచాడు. కుడికాలు మడమ దగ్గర ఉబ్బి నల్లబడింది. ఊళ్లో కనపడితే ఈసారి శవమే ఇస్తానన్నాడు ఎస్సై. లొట్టి లోపలే ఉండిపోయింది. తాగే ఉంటారు.

ఆ కాలుతో మా ఆయన మళ్లీ చెట్టెక్కలేదు. కొన్నాళ్లు మా అమ్మగారింట్లో దాగి, బొంబాయి పోయి, అక్కడినుంచి దుబాయి పోయాడు. ఊళ్లో సగంమంది మగపిల్లలు అలాగే పోయారు. సంపాదనకు పోయారని ఇప్పుడంటారు. మొదట పోయినవాళ్లు ప్రాణాలు దక్కించుకోవడానికి పోయారు. మిగిలిన చెట్లను పోలీసులే కూలీలను పెట్టి కొట్టించారు. మామ సిరిసిల్ల పోయి, బట్ట నేసే సాంచెల మీద పనికి కుదిరాడు. పొద్దున్నే గాలిలో చెట్టు మీద ఉండే మనిషి, కిటికీ లేని రేకుల షెడ్డులో నూలు కండెలు చుట్టాడు.

క్యాంపు చాలా ఏళ్లు ఉంది. తర్వాత పక్క మండలంలో కొత్త స్టేషన్ కట్టుకుని పోయారు. వాళ్లు పోయిన కొన్నాళ్లకు అడవిలోంచి అన్నలు వచ్చి, మళ్లీ ఎవరూ దిగకుండా పెద్ద దర్వాజనూ పై అంతస్తునూ పేల్చేశారు. తెల్లారి ఊరంతా గడ్డపారలతో పోయింది. టేకు దూలాలు, రాళ్లు ఎవరికి దొరికినవి వాళ్లు ఇంటికి మోసుకున్నారు. నేను ఒక కిటికీ చెక్క తీసుకొచ్చాను. మంచి చెక్క. అత్త దాన్ని వాకిట్లోనే ఆపి, పొయ్యిలోకి గొడ్డలితో చీల్చింది.

దొర చచ్చిపోయాక అతని కొడుకులు ఆ జాగాను ప్లాట్లు చేసి అమ్మారు. దుబాయి నుంచి మా ఆయన ఫోన్ చేశాడు. "ఊరి నడుమ జాగా. బస్టాపుకు దగ్గర. ఒక ప్లాటు పట్టుకుందామా?"

"ఆడ వద్దు," అన్నాను.

"ఇప్పుడాడ ఏమున్నదే? ఉత్త నేల."

"ఉత్త నేలైనా వద్దు. ఊరవతల కొను, బండ మీద కొను, ఏడన్న కొను. ఆడ మాత్రం పొయ్యి వెలిగియ్య."

"నాక్కూడ గదే అనిపించింది. నీతోని అనిపిద్దామని అడిగిన," అన్నాడు.

కోరుట్ల రోడ్డు మీద, ఊరికి దూరంగా ఇల్లు కట్టుకున్నాం. నీళ్లకు ఇబ్బంది. మామను సిరిసిల్ల నుంచి తెచ్చుకున్నాం. సాంచెల చప్పుడుకు ఆయన చెవులు పోయాయి, ఏం చెప్పాలన్నా అరవాలి. అత్త అరుస్తుంది, నేను అరుస్తాను, సెలవుకు వచ్చినప్పుడు మా ఆయనా అరుస్తాడు. దారిన పోయేవాళ్లు మేము పొద్దస్తమానం కొట్లాడుకుంటామని అనుకుంటారు. కొన్ని రోజులు నిజంగానే కొట్లాడుకుంటాం.