ముందు నడవాల్సినవాడు

ముందు చప్పుడు వినిపించింది. దోమ పాటలా సన్నగా మొదలై, మట్టిలోంచి ఎవరో గొంతు విప్పినట్టు చిక్కబడింది. ఆ తర్వాతే గడ్డి మధ్య ఆమె టోపీ కనిపించింది. చేతిలో పొడవాటి కర్ర, దాని చివర పళ్లెంలాంటి డిటెక్టరు. కూత చిక్కబడినచోట మోకాళ్ల మీద కూర్చుని, చంటిబిడ్డ పక్కన పెట్టినంత మెల్లగా ఎర్ర జెండా గుచ్చింది.

ఒకప్పుడు సైన్యం ఫిరంగులు పేల్చడం నేర్చుకున్న నేల ఇది. పేలినవి పేలగా, పేలనివి మట్టి కప్పుకుని పడుకున్నాయి. అవి ఎక్కడ, ఎంత లోతున ఉండొచ్చు, వాటి మీద మనుషులు కాపురం ఉంటే ఏమవుతుంది అన్నది తేల్చడం ఆమె ఉద్యోగం. తోటివాళ్లు పాముచెవుల అక్క అంటారు. చెవుల సంగతేమో గానీ పగ మాత్రం పాముదేనని ఆమే నవ్వుతూ చెప్పింది.

ఆమె అన్న ట్రాక్టరు డ్రైవరు. ఇరవై ఏళ్ల కిందట ఈ నేలలో ఒక ముక్క శుభ్రమైందని, దున్నుకోవచ్చని సర్వే అధికారి మాట ఇస్తే, అన్న నాగలి దింపాడు. అధికారి వెతికించింది పైపైనే. పేలని గుండు మాత్రం నాగలి దిగే లోతున ఉంది. ఇంటికి తిరిగొచ్చింది అన్న చెప్పుల్లో ఒకటి.

విచారణలో ఆ అధికారి, డ్రైవరే జెండాలు దాటి వెళ్లాడని చెప్పి చేతులు దులుపుకున్నాడు. నాన్న ఆ మాట నమ్మాడు. నా కొడుకు తొందరపడ్డాడు అంటూనే కన్నుమూశాడు. అన్న పోయిన బాధ ఎప్పటికో తడి ఆరింది గానీ ఆ నింద ఆరలేదు. దాని సెగలోనే ఆమె చదువుకుంది, ఈ పనిలో చేరింది.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ నేలనైనా భద్రమని చెప్పినవాడే ముందు దాని మీద నడవాలి. ఆ రోజు అధికారి జీపు దిగలేదు.

ఇప్పుడాయన రిటైరై, ఇక్కడ ఇళ్ల స్థలాలు అమ్మే కంపెనీకి సలహాదారు. ప్రమాదం తక్కువే అని ఆమె ఒక్క మాట అంటే అమ్మకాలు మొదలవుతాయి. లోతుగా వెతకకుండా అననంది ఆమె. ఆయన ఆఫీసుకొచ్చి, ఫ్యాను కింద టీ ఊదుకుంటూ నచ్చజెప్పాడు. ఆమె ఎవరో పోల్చుకోలేదు.

"చూడమ్మా, ఈ నేల నాకు అరచెయ్యి లాంటిది. జెండాలు దాటే తొందరగాళ్లుంటే తప్ప ఇక్కడ ఎవరికీ ఏమీ కాదు."

"అలాగే సార్," అందట ఆమె. "ఆదివారం కొనేవాళ్లను కూడా తీసుకురండి."

ఆదివారం ఆ నేల చుట్టూ కట్టిన హెచ్చరిక టేపుకు ఇవతల, ఆమె పని గురించి రాయడానికి వచ్చిన నేనూ జనంలో ఉన్నాను. గడ్డి కోసి చేసిన దారి ఒకటి లోపలికి పోతోంది. ఆమె టేపు ఎత్తి పట్టుకుంది.

"భద్రమన్నది మీరు కదా సార్. పద్ధతి ప్రకారం ముందు మీరే."

ఆయన నవ్వి, మోకాళ్ల నొప్పులన్నాడు. బస్సు దిగినప్పుడు లేని నొప్పి ఇప్పుడెక్కడిది బాబూ అని వెనకనుంచి ఒక ముసలామె అడిగింది. జనం నవ్వారు. ఆయన కాలెత్తాడు. మెరుస్తున్న బూటు గడ్డి మీద గాలిలో నిలిచింది. తర్వాత మెల్లగా వెనక్కి వచ్చేసింది.

"మీ మాట మీద ఇక్కడ ట్రాక్టరు దింపినవాడు మా అన్న," అంది ఆమె, గొంతు పెంచకుండా. "వాడు జెండాలు దాటలేదు. అది మీకు తెలుసు కాబట్టే ఇప్పుడు మీకు అడుగు పడటం లేదు."

కొనడానికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే బస్సు ఎక్కేశారు.

అందరూ వెళ్లాక, ఆయన నిజంగానే నడిచి ఉంటే ఏమయ్యేదని అడిగాను. ఆమె డిటెక్టరు భుజాన వేసుకుని, ఆ దారి వెంట తాపీగా కొంత దూరం నడిచి, వెనక్కి తిరిగింది.

"ఏమీ అయ్యేది కాదండీ. ఈ దారి వరకు నేనే లోతుగా వెతికి, నడిచి చూశాను. ఆ సంగతి మాత్రం ఆయనకు చెప్పకండి. బతికినన్నాళ్లూ ఆ కాలు అలా గాల్లోనే ఉండనీండి."