ఖాళీ కుర్చీ కింద పేరు

ఎవరిదీ కాని పేరు అంటూ ఒకటి ఉంటుందని మీరు నమ్ముతారా? జవాబు వెంటనే చెప్పకండి. నేను వెంటనే నమ్ముతానని చెప్పాను. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. డిగ్రీలో చేరినప్పటి నుంచి కాలేజీ డిబేట్ జట్టులో ఉన్నదాన్ని. ఆధారం చూపించలేని మాటను ఎదుటివాళ్లు అన్నా, నేనన్నా, ముందు పక్కన పెట్టాలని అక్కడ నేర్చుకున్నాను. చిన్నప్పుడు మా అవ్వ కథలు చెబుతుంటే "నువ్వు చూసినవా, ఎవరన్న చెప్తే విన్నవా?" అని అడిగి తిట్లు తిన్నాను. ఈ అనుభవాన్ని కూడా అదే పద్ధతిలో రాస్తున్నాను. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు.

బాన్సువాడలో మా కాలేజీవాళ్లు ఒక పాత ల్యాబ్ గదిని ఖాళీ చేసి, గోడకు ఆకుపచ్చ గుడ్డ కట్టి, విద్యార్థులే నడిపే చిన్న టీవీ స్టూడియో పెట్టారు. మేము చేసే కార్యక్రమాలు నెట్‌లో వస్తాయి. కెమెరా, ఎడిటింగ్ నా క్లాస్‌మేట్ నవీన్ చూస్తాడు. ప్రశ్నలు నేను అడుగుతాను. తెర మీద కనబడే గ్రాఫిక్స్ కూడా నావే. ప్రశ్నలు అడగడం నాకు అలవాటే గానీ, గ్రాఫిక్స్ మాత్రం చేస్తూ చేస్తూ నేర్చుకున్నాను.

టీవీలో మనిషి మాట్లాడుతుంటే తెర కింది భాగంలో పేరు, పని, ఊరు వస్తాయి. ఆ పేరుపట్టీ తయారుచేయడం మొదటి పని. నెట్‌లో దొరికే డిజైన్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల కొలతకు చేసినవి. వాటిలో తెలుగు రాస్తే కింద ఒత్తులు తెగిపోతాయి, పైన గుడులు పట్టీ దాటిపోతాయి. 'రాజు' అని రాసి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. తీరా ఏ లక్ష్మీబాయో వచ్చి కూర్చున్న రోజు పరువు పోతుంది. అందుకని ఒత్తులు బాగా కిందికి దిగే పేరొకటి కల్పించి, ముందుగా దానితో పట్టీని పరీక్షించుకోవాలి.

నేను కల్పించిన పేరు గుండ్ల జ్యోత్స్న. పేరు కింద హోదా కూడా కావాలి, అందులోనూ ఒత్తులుండాలి. 'ప్రత్యక్ష సాక్షి' అని రాశాను.

ఆ పేరే ఎందుకు తట్టిందని తర్వాత నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. జ్యోత్స్న సరే, ఒత్తు కింద ఒత్తు ఉన్న పేరంటే ఎవరికైనా అదే ముందు గుర్తొస్తుంది. గుండ్ల అనే ఇంటిపేరు గలవాళ్లు మాత్రం నాకెవరూ తెలియదు. చేతికి వచ్చింది, రాశాను. అది ఎండాకాలం. పట్టీ కుదిరిందో లేదో చూడటానికి అతిథి కూర్చునే కుర్చీ మీద కెమెరా పెట్టాం. మానిటర్‌లో ఖాళీ కుర్చీ. దాని కింద గుండ్ల జ్యోత్స్న, ప్రత్యక్ష సాక్షి.

అప్పటి నుంచి ప్రతి రికార్డింగ్‌కు ముందు అదే అలవాటైపోయింది. అతిథి రాకముందు ఖాళీ కుర్చీకి ఆ పట్టీ వేసి లైట్లు సరిచూసుకునేవాళ్లం. "జ్యోత్స్న వచ్చిందా?" అని నేను అడిగేదాన్ని. "ఎప్పుడో వచ్చి కూసున్నది లాయర్ సాబ్, నీ కోసమే చూస్తుంది" అనేవాడు నవీన్. ప్రతిదానికీ వాదిస్తానని వాడు నాకు పెట్టిన పేరు లాయర్ సాబ్. నేను ఆలస్యంగా వెళ్లిన రోజు "జ్యోత్స్నను చూసి నేర్చుకో, ఒక్కరోజన్న నాగా పెట్టిందా?" అని ఎత్తిపొడిచేవాడు. నవ్వుకునేవాళ్లం. ఆ పేరు స్టూడియో దాటి పోలేదు. పూర్తయిన ఏ కార్యక్రమంలోనూ అది లేదు. అన్నింటినీ మళ్లీ చూసిన తర్వాతే ఈ మాట చెబుతున్నాను.

వానాకాలంలో, పక్కనున్న వర్ని ఊరికి పోయే దారిలో, కాలువ వంపు తిరిగే చోట ఒక ఆటో నీళ్లలో పడింది. నాట్లు వేసి తిరిగొస్తున్న ఇద్దరు కూలీ ఆడవాళ్లు అందులో ఉన్నారు. వారిలో పోశవ్వ అనే పెద్దావిడ దవాఖానలో చనిపోయింది. ఆటో నడిపిన సాయిలు మీద నిర్లక్ష్యంగా నడిపాడని కేసు అయింది. నిద్రపోయాడని కొందరు, తాగాడని కొందరు అన్నారు.

ఆ వంపు దగ్గర అడ్డుగోడ లేకపోవడం మీద కార్యక్రమం చేద్దామని నేనే అన్నాను. ముందు వెళ్లి కాలువను చిత్రీకరించుకొచ్చాం. దాని మీద ఊరి పేరు వేద్దామని చూస్తే, నవీన్ ఫ్రేములో ఒక పక్క చాలా జాగా వదిలేశాడు. మనిషిని కూర్చోబెట్టి తీసేటప్పుడు అలా వదులుతాం. "గిక్కడ ఎవరున్నరని ఇంత జాగా ఇడిసిపెట్టినవ్?" అన్నాను. వాడు ఫ్రేమును మళ్లీ చూసి, "తెల్వది. అట్లనే వచ్చింది" అన్నాడు. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం సాయిలు మా కార్యక్రమంలో మాట్లాడటానికి, తన భార్య సుజాతను వెంటబెట్టుకొని స్టూడియోకు వచ్చాడు. ఆమె బయట వరండాలో బెంచీ మీద కూర్చుంది. తలుపు మూస్తే లోపలి మాట బయటికి వినబడదు. వరండాలో తెర ఏదీ లేదు. ఈ వివరం గుర్తుపెట్టుకోండి.

సాయిలు చెప్పింది ఇది. పొద్దుగూకే వేళ, వంపులో లైట్లు లేని ట్రాక్టర్ ఒకటి ఎదురొచ్చింది. దాన్ని తప్పించబోయి ఆటో కాలువలోకి పోయింది. ట్రాక్టర్ ఆగలేదు. వెనకున్న ఆడవాళ్లిద్దరూ అలసి నిద్రలో ఉన్నారు. బతికి బయటపడిన ఆవిడ తానేమీ చూడలేదనే చెప్పింది. అయితే ముందు సీట్లో, సాయిలు పక్కన, ఒక అమ్మాయి ఉందట. షేరింగ్ ఆటోలో డ్రైవర్ పక్కన ఒకరిని ఎక్కించుకోవడం మా దగ్గర మామూలే. ట్రాక్టర్‌ను చూసి ముందుగా అరిచింది ఆమే. ఆడవాళ్లిద్దరినీ గట్టుకు చేర్చి తిరిగి చూస్తే ఆమె లేదు.

నీళ్లు ఆపి కాలువంతా వెతికారు. ఎవరూ దొరకలేదు. పిల్ల కనబడటం లేదని ఏ ఊరి నుంచీ ఎవరూ రాలేదు. దాంతో అటువంటి అమ్మాయే లేదని, కేసు నుంచి బయటపడటానికి సాయిలు ఆమెను పుట్టించాడని అందరూ తేల్చేశారు. నేనూ మనసులో అదే తేల్చుకున్నాను.

"ఆమె ఎవరో, పేరేందో అడగలేదా అన్నా?" అన్నాను.

"అడగలే చెల్లె" అని తల వంచుకున్నాడు. ఎదుటి మనిషి మాట ఎక్కడ బలహీనపడుతుందో కనిపెట్టడం నాకు డిబేట్‌లో అలవాటైన పని. ఇతను ఏదో దాస్తున్నాడని అర్థమై, మళ్లీ అడగబోయాను.

సరిగ్గా అప్పుడే నవీన్ సాయిలు పేరుపట్టీ వేయాలి. పొరపాటున పాతది వేశాడు. పరీక్ష కోసం రాసుకున్న పేరును మార్చకుండా వదిలేయడం మా పనిలో జరిగే తప్పే, అందులో వింత లేదు. నా పక్కనున్న మానిటర్‌లో సాయిలు ముఖం, దాని కింద గుండ్ల జ్యోత్స్న, ప్రత్యక్ష సాక్షి.

సాయిలు తెర వైపు చూశాడు. పెదవులు కదుపుతూ కూడబలుక్కొని చదివాడు.

"గీ పేరు మీకెవరు చెప్పిండ్రు?" అన్నాడు.

నవీన్ గబగబా పట్టీ తీసేశాడు. సాయిలు ఇంకా అక్కడే చూస్తున్నాడు. "నేనెవ్వలకు చెప్పలే. పోలీసోళ్లకు చెప్పలే, నా పెండ్లానికి చెప్పలే. మీకెట్ల ఎరుకైంది?"

కెమెరా ఆపించాను. తర్వాత అతను చెప్పింది కొంచెమే. ఆ అమ్మాయి వర్ని దాటాక చెయ్యెత్తి ఆటో ఎక్కింది. ఇంట్లో చెప్పకుండా పోతున్నదని ఆమె మాటల్లోనే తెలిసింది. పేరడిగితే జ్యోత్స్న అంది. ఇంటిపేరు చెప్పలేదు. తన పేరు ఎవరికీ చెప్పనని అతని దగ్గర మాట తీసుకుంది. ఆటోలో ఒక అమ్మాయి ఉందన్నంత వరకు పోలీసులకు చెప్పక తప్పలేదు. పేరు మాత్రం దాచాడు.

"పేరు చెప్తే ఆ పిల్లను ఇంటికి గుంజుకపోతరు. బతికున్నదో లేదో. ఉంటే, నా నోటితోని నేనెందుకు పట్టియ్యాలె?"

తన తప్పు లేదని చెప్పగలిగిన మనిషి ఒక్కతే. ఆ ఒక్క మనిషి పేరునే అతను మింగి కూర్చున్నాడు.

నాకు నమ్మకం కుదరలేదు. తెర మీద పేరు చూసి అక్కడికక్కడే కథ అల్లి ఉండవచ్చు. అతని దగ్గర నవీన్‌ను ఉంచి, నేనొక్కదాన్నే వరండాలోకి వెళ్లాను. సుజాత ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకొని కూర్చుంది. ఆ పేరు నేను ఎత్తలేదు. ప్రమాదం అయినప్పటి నుంచి సాయిలు ఇంట్లో ఎట్లా ఉంటున్నాడని మాత్రం అడిగాను.

"ఎట్లుంటడు చెల్లె. నిద్రల లేచి కూసుంటడు. జ్యోత్స్నా చెయ్యియ్యి, జ్యోత్స్నా చెయ్యియ్యి అంటడు. ఎవతి అది అని కొట్లాడిన, మాటలు బందుపెట్టిన. అడగకు సుజాతా అంటడు, గంతే. కండ్ల ముంగట ఉన్నదానితోనన్న కొట్లాడొచ్చు. గీ కనవడనిదానితోని ఎట్ల కొట్లాడాలె?"

ఎండ వరండా సగం దాకా వచ్చి ఉంది. రోడ్డు మీద ధాన్యం ట్రాక్టర్లు పోతున్నాయి.

ఆ తర్వాత నాతో నేనే చాలా వాదించుకున్నాను. జ్యోత్స్న అరుదైన పేరేమీ కాదు, కాకతాళీయం కావచ్చు. ఒప్పుకుంటాను. అయితే ఆమెకు 'ప్రత్యక్ష సాక్షి' అనే హోదా ఎందుకిచ్చాను? ఒత్తుల కోసం. ఆ జవాబు నిజమే, అయినా ఒంటరిగా ఉన్నప్పుడు అది నాకు సరిపోవడం లేదు. ఎవరైనా చెబితే విని మరిచిపోయానేమో అనుకుందామంటే, పట్టీ చేసింది ఎండాకాలంలో, ప్రమాదం జరిగింది వానలు పడ్డాక. ఇంకా జరగనిదాన్ని నాకు ఎవరు చెబుతారు?

నవీన్ ఇంకొక మాట అన్నాడు. ఇంట్లోంచి పోయే పిల్ల అసలు పేరు ఎందుకు చెబుతుంది? ఎప్పుడో మన స్టూడియో చూడటానికి వచ్చి, తెర మీదున్న పేరును అవసరానికి వాడుకుందేమో. ఈ వాదన నాకు బాగా నచ్చింది. దీన్ని పట్టుకొని కొన్నాళ్లు సుఖంగా నిద్రపోయాను కూడా. కానీ పేరును అరువు తెచ్చుకున్న అమ్మాయి, దాని కింద మేము రాసిన హోదాను కూడా ఎట్లా నిజం చేసింది? ట్రాక్టర్ ఎదురొస్తుందని ఆమెకు తెలియదు కదా.

వర్నిలో, రుద్రూర్‌లో తెలిసినవాళ్లను ఏదో పని ఉన్నట్టుగా గుండ్లవారి గురించి అడిగాను. ఎవరూ తెలియదన్నారు. ఒకరోజు ఆ పట్టీని డిలీట్ చేయబోతే నవీన్ నా చెయ్యి పట్టుకున్నాడు. "గంత పని చెయ్యకు. ఏడున్నదో ఏమో. మనం కూడ తీసేస్తే ఇగ ఏడుంటది?" అన్నాడు. ఆ రోజు వాడు లాయర్ సాబ్ అనలేదు. నేనూ ఎదురు వాదించలేదు. పట్టీ ఉంది. కొత్త పేరు కల్పించడానికి మాత్రం నాకు చెయ్యి రావడం లేదు. ఏ పేరు తట్టినా అది ఎవరిదోనన్న భయం. పరీక్షకు ఇప్పుడు నా పేరే రాసుకుంటున్నాను.

ఈ సంగతి రాయవచ్చా అని సాయిలును అడిగాను. "నేనైతే మాట తప్పలే కద చెల్లె. పేరు మీ టీవీనే చెప్పింది. రాయి" అన్నాడు.

కేసు ఇంకా నడుస్తోంది. సాయిలు ఇప్పుడు ఆటో నడపడం లేదు. పొద్దుగూకే వేళకు ఆ వంపు దగ్గరికి వెళ్లి నిలబడతాడు. జరిగినదానికి నా దగ్గర వివరణ లేదు. ఉన్నట్టు నటించలేను.

మిమ్మల్ని అడిగేది ఇదే. ఆ సాయంత్రం వర్ని దారిలో లైట్లు లేని ట్రాక్టర్‌ను మీరు చూసి ఉంటే, అది మీదే అయినా సరే, ముందుకొచ్చి చెప్పండి. జ్యోత్స్న మీ ఇంటి పిల్ల అయితే, ఈ రాతను పట్టుకొని ఆమెను వెతకొద్దు.

జ్యోత్స్నా, ఇది చదువుతున్నది నువ్వే అయితే, ఎక్కడున్నావో ఎవరికీ చెప్పనక్కర్లేదు. బాన్సువాడ బస్టాండు ముందు ఏ ఆటో అతనికి చెప్పినా మాట సాయిలుకు చేరుతుంది. బతికే ఉన్నానని చెప్పు. ట్రాక్టర్‌ను చూశానని చెప్పు. ఆ పైన ధైర్యం ఉంటే మా స్టూడియోకు రా. నీ కుర్చీలో వచ్చి కూర్చో.