వెనక సీటు ఎంచిన కామ్‌షాఫ్ట్

"ఇసక బస్తా అంటే ఇసక బస్తాయే నాయనా! నాకంటే ముందు ఆ బండి వెనక సీటు మీద ఊరేగింది అదే. దాన్ని దింపి నన్నెక్కించింది మా కోడలు. దానికి జరిగిన మర్యాద కూడా నాకు జరగలేదనుకో. దాన్నైతే పడిపోకుండా తాళ్ళేసి కట్టింది. నన్ను మాత్రం 'గట్టిగా పట్టుకోండత్తయ్యా' అని వదిలేసింది!"

పెదాల మధ్య రెండు గుండుసూదులు పెట్టుకుని కూడా అంత స్పష్టంగా మాట్లాడటం ఆవిడకే చెల్లింది. ముప్పై ఏళ్ళ పైబడి కుట్టు మిషను ముందు కూర్చున్న మనిషి. బడిపిల్లల యూనిఫారాల నుంచి సోఫా గలీబుల దాకా ఆవిడ సూది కింద పడని గుడ్డ లేదు. పక్కింటాయన తన సంచికి జిప్పు మార్పించుకోవడానికి వచ్చాడు. కొత్త జిప్పు కుట్టడం ఎప్పుడో అయిపోయింది. అయినా ఆయన స్టూలు మీంచి లేవలేదు. లేవనిస్తే కదా ఆవిడ! ఇప్పుడు ఆవిడ ఒళ్ళో ఉన్నది తన సొంత కోటు. మందపాటి గుడ్డ, మోచేతుల దగ్గర మెత్తలు. రేపు పొద్దున్నే ప్రయాణం, మోటారు సైకిలు మీద.

ఆవిడకి బస్సు పడదు. పడదంటే అలా ఇలా కాదు. అద్దాలు మూసిన బస్సు రెండు మలుపులు తిరిగిందంటే ఆవిడ కడుపు నాలుగు మలుపులు తిరుగుతుంది. నిమ్మకాయ వాసన చూసింది, మాత్రలు మింగింది, డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. ఏం చేసినా చివరికి సంచీ నోటి దగ్గర పెట్టుకోవాల్సిందే. కారెక్కినా అదే వరస. ఆవిడ అక్క ఉండేది కొండ దాటాక, ఆవలి ఊళ్ళో. ఏళ్ళ తరబడి ఇద్దరికీ ఫోను మాటలే. ఈ మధ్య అక్క కొత్త ఇల్లు కట్టుకుంది. "ముందు గదికి కిటికీ ఎంత పెద్దదనుకున్నావే! నీ మిషను అక్కడ వేసుకుంటే చీకటి పడేదాకా లైటు అక్కర్లేదు. నువ్వు రాకపోతే ఆ కిటికీకి గోడ కట్టించేస్తాను చూడు" అని బెదిరిస్తుంది. ఈవిడ పకపకా నవ్వుతుంది. ఫోను పెట్టేశాక కాసేపు మిషను తొక్కదు.

ఇక కోడలు. మోటారు సైకిళ్ళ వర్క్‌షాపులో మెకానిక్. దానికో సొంత బండుంది. పెద్ద ట్యాంకు, రెండు పక్కలా సామాను పెట్టెలు, ముందు గాలి అద్దం, దూరాలు పోవడానికే పుట్టిన బండి. సెలవుల్లో మొగుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని కొండలు చుట్టి వద్దామని దాని ఆశ. సరిగ్గా అప్పుడే ఇంజనులో టిక్కుటిక్కుమని చప్పుడు మొదలైంది. విప్పి చూస్తే కామ్‌షాఫ్ట్ అరిగి, గీతలు పడి ఉంది. ఎలాగూ మార్చాలి కదా, మార్చేదేదో జోరైనదే వేద్దామని, తను పని నేర్చుకున్న పాత సామాన్ల కొట్టుకెళ్ళి రెండు కామ్‌లు తెచ్చింది. "రెండూ బిగించి చూడమ్మా. నచ్చింది ఉంచుకుని రెండోది తెచ్చిచ్చెయ్" అన్నాడు కొట్టు పెద్దన్న.

వంటింటి బల్ల మీద పాత కాగితం పరిచి రెంటినీ పక్కపక్కన పడుకోబెట్టింది. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది.

"ఏమిటే ఇవి? కర్రకి కణుపులు లేచినట్టున్నాయి!"

"ఇవే అత్తయ్యా కామ్‌లంటే. ఈ బొడిపెలున్నాయి చూశారూ? తిరిగేటప్పుడు ఇవి వచ్చి వాల్వుల్ని నొక్కుతాయి. నొక్కినప్పుడల్లా వాల్వు తెరుచుకుని ఇంజను ఊపిరి తీసుకుంటుంది. ఎంత తెరుచుకోవాలి, ఎంతసేపు తెరిచుండాలి, అంతా ఈ బొడిపె ఆకారంలోనే ఉంది."

"ఓస్, ఇంతేనా! నా మిషన్లో పూలకుట్టు బిళ్ళలు లేవూ? బిళ్ళ అంచు ఎలా ఉంటే సూది అలా గెంతుతుంది. అలల బిళ్ళ వేస్తే అలలు, ఆకుల బిళ్ళ వేస్తే ఆకులు."

కోడలు నోరు తెరిచింది. "వర్క్‌షాపులో కొత్తవాళ్ళకి ఈ ముక్క బుర్రకెక్కించేసరికి తలప్రాణం తోకకొస్తుంది నాకు. మీరేంటత్తయ్యా, చూడగానే పట్టేశారు!"

"సరేలే. మరి ఈ లావుదానికీ సన్నదానికీ ఏమిటి తేడా?"

"లావు బొడిపె వాల్వుని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఇంజను బాగా పరుగందుకున్నాక దీని జోరు చూడాలి అత్తయ్యా, అబ్బబ్బ! సన్నది నిదానంగా తిరిగేటప్పుడే పట్టు ఇస్తుంది, పైన అంత విసురుండదు." సన్నదాని గురించి చెప్తున్నా దాని వేళ్ళు మాత్రం లావుదాన్నే నిమురుతున్నాయి. నగల కొట్లో అద్దం ముందు నిలబడ్డ పిల్లలా ఉందనుకుంది అత్తగారు.

మొదట బిగించింది ఆ లావుదే. వెనక సీటు మీద ఇసక బస్తా కట్టుకుని ఊరంతా తిరిగొచ్చి, తృప్తి లేక మొహం వేలాడేసింది.

"బస్తా బరువైతే ఇస్తుంది కానీ, ఎలా ఉందంటే మాట్లాడదు కదా. మీ అబ్బాయికేమో బేకరీలో ఈ వారమంతా పొద్దుటి డ్యూటీ. ఆయన బరువూ మీ బరువూ ఇంచుమించు ఒకటే కదత్తయ్యా, మీరొకసారి..."

"ఏమన్నావూ?"

"ఇంచుమించు అన్నాను!"

అలా ఎక్కింది ఆవిడ. కొట్టులో ఆవిడ తలకి సరిపోయిన హెల్మెట్ ఒక్కటే దొరికింది, మిరపపండు ఎరుపుది. కోడలిది తెల్లది. గుమ్మం ముందు ఇంజను గుబగుబమంటూ, ఆగి, మళ్ళీ గుబగుబమంటుంటే వీధి వీధంతా కిటికీల్లోకొచ్చింది. ఎదురింటి మేడ మీంచి ఎవరో "పిన్నిగారూ, ఎక్కడికి దండయాత్ర?" అని అరిచారు. ఈవిడకి చెయ్యి ఊపాలనే ఉంది, వదిలితే పడతానని భయం.

పెద్ద రోడ్డెక్కాక కోడలు యాక్సిలరేటరు తిప్పింది చూడండి! బండి ఎవరో తరిమినట్టు ముందుకు దూకింది. చెట్లు, దుకాణాలు, సైకిళ్ళు, అన్నీ చారలైపోయాయి. ఆవిడ గొంతులోంచి ఓ కేక వచ్చింది. అది తనదేనని తెలియడానికి కాస్త సమయం పట్టింది. బండి రెండు మలుపులు తిరిగింది. మూడోదీ తిరిగింది. ఆవిడ భయంభయంగా తన కడుపు వైపు చెవి పెట్టింది. కడుపు మాట్లాడలేదు! మొహాన గాలి, తలెత్తితే ఆకాశం, కడుపు పసిపిల్లలా నిద్రపోతోంది. అక్క కిటికీ ఒక్కసారిగా దగ్గరికొచ్చి కూర్చుంది.

అసలు తంటా ఊరి చివర నీళ్ళ ట్యాంకు గుట్ట ఎక్కేటప్పుడు వచ్చింది. ఎత్తు మొదలవగానే, వెనక ఈ బరువుతో, ఇంజను ఊపిరాడనట్టు తడబడింది. కోడలు గేరు తగ్గించింది. ఆ కుదుపుకి ఆవిడ ముందుకు తూలి, హెల్మెట్‌కి హెల్మెట్ ఠక్కుమని కొట్టుకుంది. వెంటనే ఇంజను పరుగందుకుని లాగింది, ఆవిడ వెనక్కి పోయింది. మలుపులో మళ్ళీ తడబాటు, మళ్ళీ గేరు, మళ్ళీ ఠక్కు. గుట్ట పైకి చేరేసరికి ఆవిడ మెడ ఆవిడది కాదు.

కోడలు హెల్మెట్ తీసింది. కళ్ళు వెలిగిపోతున్నాయి. "ఎలా ఉందత్తయ్యా? నిజం చెప్పండి!"

మెడ నొప్పి అన్నానంటే, 'ఈ వయసులో మీకెందుకులెండి' అని దింపేస్తుంది, ఇక అక్క ఊరు ఫోన్లోనే, అనుకుంది ఆవిడ. "బ్రహ్మాండం!" అనేసింది.

ఆ పూట కొడుకు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులైనా విడవకముందే పట్టుకుంది.

"ఒరేయ్, వెనక సీట్లో నీ చోటు నాకిచ్చెయ్యి."

"ఎక్కడమ్మా?"

"బండి మీదరా! నేను మీ పెద్దమ్మ దగ్గరికి వెళ్తాను."

కొడుకు పెళ్ళాం వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు, గోడకానుకుని హాయిగా ఊపిరి వదిలాడు. "తీసుకోమ్మా, నీ కడుపు చల్లగా ఉండ! వెనక కూర్చుంటే నాకు నిద్దరొస్తుంది. ఇదేమో దారంతా గిల్లుతుంది."

"గిల్లకపోతే కొండ మీంచి దొర్లిపోయేవాడివి" అంది కోడలు.

అప్పట్నుంచి ప్రయాణం మాటే ఇంట్లో. ఆ వారంలో గుట్ట మీదికి మరో రెండు సార్లు వెళ్ళొచ్చారు. వెళ్ళినప్పుడల్లా ఠక్కు, ఠక్కు. దిగినప్పుడల్లా "బ్రహ్మాండం". కోడలు వర్క్‌షాపుకి వెళ్ళగానే ఉప్పు వేడి చేసి మూటగట్టి మెడకి కాపడం. ఇక ఈ కామే ఖాయమని కోడలు నిర్ణయించేసుకుంది.

ఆదివారం పొద్దున హెల్మెట్లు తుడుస్తూ కూర్చుని, ఉన్నట్టుండి తుడవడం ఆపేసింది.

"అత్తయ్యా, ఇలా రండి."

తెల్ల హెల్మెట్ వెనకవైపు, నడిమధ్యన, ఎర్రటి గీతలు. ఒకటి కాదు, పిల్లలు రంగుపెన్సిలుతో పిచ్చిరాతలు రాసినట్టున్నాయి. కోడలు ఎర్ర హెల్మెట్ తిప్పి చూసింది. నుదుటి దగ్గర రంగు లేచిపోయి ఉంది.

"గుట్ట ఎక్కేటప్పుడే కదూ?"

"ఏదో... రెండు మూడు సార్లు తగిలింది."

"ఇవి రెండు మూడు సార్లా? ఇంజను మోతలో నాకు చప్పుడు తెలియదు, ఏదో కుదుపనుకున్నాను. మెడ నొప్పి పుట్టలేదూ? అందుకేనా వంటింట్లో ఉప్పు డబ్బా ఖాళీ అయిపోతోంది?"

ఆవిడ కొంగు చివర మడతపెట్టింది, విప్పింది. "చెప్తే నన్ను తీసుకెళ్ళవనుకున్నానే. దింపేస్తావనుకున్నాను."

కోడలు రెండు హెల్మెట్లూ నేల మీద పెట్టి నడుం మీద చేతులేసుకుంది. "బస్తా మాట్లాడదనే కదండీ మిమ్మల్నెక్కించాను! మీరూ నోరు మూసుకుంటే ఇంకెవరు చెప్తారు నాకు? దింపాల్సింది మిమ్మల్ని కాదు, ఆ కామ్‌ని." అంతలోనే దాని గొంతు మెత్తబడింది. "తప్పు నాదేలెండి. దాని చప్పుడుకి మనసు పారేసుకున్నాను. గుట్ట మీద అది మొరాయిస్తున్నట్టు నాకూ తెలుస్తూనే ఉంది, కానీ మీరు బ్రహ్మాండం అంటుంటే..."

"నువ్వలా మురిసిపోతుంటే నేనెలా చెప్పనే?"

ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో చెప్పలేం.

ఆ రోజే వరండాలో ఇంజను మూత విప్పారు. కోడలు లోపలి చైను వదులు చేసి లావు కామ్ పైకి తీసింది. సన్నదానికి ఒళ్ళంతా నూనె పట్టించి, గుర్తుకి గుర్తు కలిపి కూర్చోబెట్టింది. "ఇప్పుడు దీన్ని చేత్తో తిప్పండత్తయ్యా, మెల్లిగా. ఎక్కడైనా తగిలితే ఆపెయ్యండి." పానా ఆవిడ చేతికిచ్చింది. మిషను చక్రం తిప్పి సూదిని గుడ్డలోకి దించే చెయ్యి అది. చూపుడు వేలితో లోహాన్ని వింటూ, బొడిపె వచ్చి నొక్కడం, వాల్వు దిగడం, మళ్ళీ లేవడం, అన్నీ తెలుసుకుంటూ ఆవిడ తిప్పింది. ఎక్కడా తగల్లేదు.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే గుట్ట దగ్గరికెళ్ళారు. రెండు పక్కల పెట్టెల్లోనూ సామాను. ఎత్తు మొదలైంది. ఆవిడ అలవాటుగా మెడ బిగించింది. కోడలు గేరు జోలికే పోలేదు. ఇంజను కాస్త గొంతు తగ్గించుకుని, తొందర లేకుండా, దబ్‌దబ్‌మంటూ లాగడం మొదలుపెట్టింది. మలుపు వచ్చింది, పోయింది. మరో మలుపు. ఆవిడ మెడ వదులైంది. హెల్మెట్ల మధ్య చేయి పట్టేంత ఖాళీ అలాగే ఉంది.

"కొట్టుకోలేదే!" అని అరిచింది ఆవిడ. "ఒక్కసారి కూడా కొట్టుకోలేదే అమ్మాయ్!"

"ఈసారైనా నిజమేనా?" అని ముందు నుంచి కేక.

"నా మిషను మీద ఒట్టు!"

గుట్ట మీద దిగీ దిగగానే అక్కకి ఫోను చేసింది. "కిటికీకి గోడ కట్టించకే! వస్తున్నాను, వస్తున్నాను!" అవతల అక్క ఏమందో కానీ, ఈవిడ చాలాసేపు నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయింది.

కథ ఇంతవరకూ వచ్చేసరికి కోటు చెయ్యి దగ్గర ఆఖరి కుట్టు పడింది. ఆవిడ దారం కొరికి, కోటు విదిల్చి, పక్కింటాయన ముందు నిలబడి తొడుక్కుని చూపించింది. బాగుందన్నాడాయన. నిజంగానే బాగుంది.

అప్పుడావిడ తలుపు వైపు ఒకసారి చూసి, మిషను సొరుగులోంచి గుడ్డలో చుట్టిన పొడుగాటి మూట తీసింది. బరువుగా ఉంది.

"నాయనా, ఆ కొత్త జిప్పు సంచి ఇలా పట్టు. ఇది ఆ లావు కామ్. పెద్దన్న కొట్టు నువ్వు పనికెళ్ళే దారిలోనే కదా, ఇచ్చేసి పో. మా కోడలు బండి కడుగుతోంది వీధిలో, నువ్వు పెరటి వైపు నుంచి వెళ్ళు. ఇది దాని కంటబడితే మళ్ళీ 'ఒక్కసారి బిగించి చూద్దామా అత్తయ్యా' అంటుంది. అది అలా మొహం పెట్టి అడిగితే, ఇప్పటికీ నేను వద్దనలేను. జిప్పు పూర్తిగా లాక్కో. ఊఁ, త్వరగా వెళ్ళు!"