స్పీకర్ ఫోన్‌లో మస్తాన్ వలీ

2000వ సంవత్సరం. అప్పటికి నేను సిడ్నీలోని పరమట్టాలో ఒక చిన్న రిక్రూట్‌మెంట్ ఏజెన్సీలో పనిచేస్తున్నాను. కంపెనీలకు కంప్యూటర్ ప్రోగ్రామర్లను వెతికిపెట్టడం మా పని. బందరులో ఎమ్మెస్సీ చదివి, పెళ్ళయి ఇక్కడికి వచ్చిన నాకు ఆ ఉద్యోగం దొరకడానికి నా చదువు కారణం కాదు. మాకు వచ్చే రెజ్యుమెల్లో సగం మనవాళ్ళవే. ఆ పేర్లను తడబడకుండా పలికే మనిషి మా బాస్ గ్లెన్‌కు కావాల్సివచ్చింది.

వైటూకే హడావుడి అప్పుడే ముగిసింది. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములు 2000 రాగానే కూలిపోతాయని అందరూ భయపడ్డారు. వాటిని సరిచేయడానికి కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష తెలిసినవాళ్ళను ఎక్కడెక్కడి నుంచో పిలిపించుకున్నారు. జనవరి వచ్చింది, పెద్దగా ఏమీ కూలలేదు. కానీ వచ్చినవాళ్ళకు పని తగ్గిపోయింది. ఒక్కో ఖాళీకి పదుల సంఖ్యలో రెజ్యుమెలు రావడం మొదలైంది.

షేక్ మస్తాన్ వలీ మా ఆఫీసుకు వచ్చింది ఆ మార్చి నెలలో. గుంటూరు మనిషి, ముప్పై దాటి ఉంటాడు. హైదరాబాదులో ఏడేళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీల ప్రోగ్రాములు రాసి, స్కిల్డ్ వీసా మీద భార్య షమీమ్‌తో ఫిబ్రవరిలో దిగాడు. హారిస్ పార్క్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. నేను తెలుగులో పలకరించగానే అతని భుజాలు సడలిపోయాయి.

"మేడమ్, నెలరోజులుగా ఇంగ్లీషులో నవ్వీ నవ్వీ మొహం నొప్పెడుతోంది," అన్నాడు.

పని తెలిసినవాడని రెండు ప్రశ్నలకే అర్థమైంది. ప్రీమియం లెక్కలు ఎక్కడ తప్పుతాయో, ఎందుకు తప్పుతాయో కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. నాకు ధైర్యం వచ్చింది. మాకు పాత క్లయింట్ అయిన ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సరిగ్గా అలాంటి మనిషే కావాలి. అక్కడి మేనేజర్ హెలెన్‌కు ఆ మధ్యాహ్నమే అతని రెజ్యుమె పంపాను.

మర్నాడు పొద్దున్నే ఆమె ఫోన్ చేసింది. గొంతులో కోపం.

"ఇతన్ని మళ్ళీ పంపడానికి మీకు ఎలా మనసొప్పింది? పోయినేడాది మా దగ్గర చేశాడు కదా!"

ఎవరో పొరపాటు పడ్డారనుకున్నాను. "ఇతను వచ్చిందే ఫిబ్రవరిలో," అన్నాను.

"అదే పేరు, అదే కాలేజీ, అవే ప్రాజెక్టులు. వైటూకే టెస్టింగ్‌కు ఒక కన్సల్టెన్సీ ద్వారా తీసుకున్నాం. చేయని టెస్టులు చేసినట్టు సంతకం పెట్టాడు. జనవరిలో వేలమంది కస్టమర్లకు తప్పుడు ఉత్తరాలు వెళ్ళాయి. మర్నాటి నుంచి మనిషి లేడు," అంది. కొంచెం మెత్తబడి, "మర్యాదగానే ఉండేవాడు. డిసెంబరంతా రంజాన్ ఉపవాసం అని లంచ్ ముట్టేవాడు కాదు. అతని ముందు తినలేక మా టీమ్ వాళ్ళు బయటికి పోయి తినేవాళ్ళు," అంది.

మస్తాన్‌ను పాస్‌పోర్ట్ తీసుకుని రమ్మన్నాను. ఫిబ్రవరి ముద్ర స్పష్టంగా ఉంది. సంగతి చెబితే మొదట నవ్వాడు. హెలెన్ చెప్పిన ప్రాజెక్టుల పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే ఆ నవ్వు పోయింది.

"అవి నావే మేడమ్. ఆ పని నేను చేశాను. హైదరాబాదులో చేశాను."

ఆ రోజుల్లో మా వృత్తిలో బాడీ షాపింగ్ అని ఒక వ్యాపారం ఉండేది. ప్రోగ్రాములు రాసే మనుషులను కన్సల్టెన్సీలు కంపెనీలకు అద్దెకు తిప్పేవి. నిజాయితీగా చేసినవాళ్ళూ ఉన్నారు. కొన్ని రెండు గదుల కన్సల్టెన్సీలు మాత్రం రెజ్యుమె ఒకరిది, ఫోన్ ఇంటర్వ్యూలో గొంతు ఇంకొకరిది, చివరికి కుర్చీలో కూర్చునే మనిషి మరొకరు అన్నట్టు నడిపేవి. మనిషిని ఎరువిచ్చింది ఫలానా కన్సల్టెన్సీ కాబట్టి కంపెనీ పాస్‌పోర్ట్ అడిగేది కాదు. కన్సల్టెన్సీ చూపించేదీ కాదు.

"మీ వివరాలు ఎవరికైనా ఇచ్చారా?" అని అడిగాను.

మస్తాన్‌కు వెంటనే గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట అమీర్‌పేటలో ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని, స్నేహితులు చెప్పిన ప్రతి జాబ్ సైట్‌లోనూ రెజ్యుమె పెట్టాడు. అప్పటి మన అలవాటు ప్రకారం అందులో అన్నీ ఉన్నాయి: పుట్టినతేదీ, తండ్రిపేరు, ఇంటి అడ్రసు, పాస్‌పోర్ట్ నంబరు. వారం తిరక్కుండా ఎవరో ఆస్ట్రేలియాలో ఓపెనింగ్స్ ఉన్నాయని ఈమెయిల్ పంపారు. సర్టిఫికెట్లు స్కాన్ చేసి పంపమన్నారు. పంపాడు. మళ్ళీ జవాబు రాలేదు.

"గడి ఖాళీగా వదిలేస్తే ఏదో దాస్తున్నాడనుకుంటారని అన్నీ నింపాను మేడమ్. ఎంత వివరంగా ఉంటే అంత నమ్ముతారనుకున్నా," అన్నాడు.

హెలెన్ మంచి మనిషి. అతన్ని తీసుకువెళ్ళి చూపిస్తే, గుమ్మంలో ఉండగానే, "ఇతను కాదు," అంది. క్షమాపణ చెప్పింది, కాఫీ ఇప్పించింది. కానీ ఆ ఖాళీ అప్పటికే నింపేశారు. పాత మనిషి ఇచ్చిన మొబైల్ నంబరు ఆమె దగ్గర ఉంటే అడిగి తెచ్చుకున్నాను. ఏ మనిషి ఇంకా ఆ పేరుతో తిరుగుతున్నాడో తెలిస్తే తప్ప మస్తాన్‌ను ఇంకెక్కడికీ పంపలేం.

ఆఫీసు చిన్నగదిలో తలుపు వేసి, స్పీకర్ నొక్కి నంబరు కలిపాను. మస్తాన్ నా ఎదురుగా కూర్చున్నాడు.

"హలో, మస్తాన్ వలీగారేనా?" అని ఇంగ్లీషులో అడిగాను.

"యెస్, స్పీకింగ్," అంది ఒక కుర్ర గొంతు.

నా ఎదుట ఉన్న మస్తాన్ వలీ ఫోన్ వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. ఏజెన్సీ నుంచి మాట్లాడుతున్నానని చెప్పి, వివరాలు సరిచూసుకోవాలన్నాను. అవతలి మనిషి పుట్టినతేదీ తడుముకోకుండా చెప్పాడు. కాలేజీ చెప్పాడు, ర్యాంకు కూడా చెప్పాడు. ఉద్యోగం వస్తుందన్న ఆశ ఆ గొంతులో వినబడుతోంది. అంతలో మస్తాన్ ముందుకు వంగి తెలుగులో అడిగాడు.

"మీ నాన్నగారి పేరేంటండీ?"

అవతల చిన్న తడబాటు. "షేక్ ఖాసిం సాహెబ్," అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు.

"ఏం చేస్తుంటారు?"

అది రెజ్యుమెలో లేదు. "రిటైర్ అయిండు... గుంటూర్లనే ఉంటడు."

"లేడు," అన్నాడు మస్తాన్. గొంతు పెంచలేదు. "మొన్న రంజాన్ నెలలో పోయాడు. మిరప యార్డు నుంచి వస్తూ దారిలో కూలబడ్డాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోగానే అయిపోయింది. నీకెవరూ చెప్పినట్టు లేరు."

ఫోన్‌లో బస్సుల రొద వినబడుతోంది. పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు.

"ఎవరు మీరు?"

"నేనే. మస్తాన్ వలీని."

ఆ అబ్బాయి ఏడుపు మొదలుపెట్టాడు. "అన్నా, నిజంగ మనిషున్నడని నాకు ఎర్కలేదన్నా. కన్సల్టెన్సోళ్ళు కాయితం ఇచ్చి యాద్ పెట్టుకోమన్నరు. ఉత్త పేరనుకున్న. వాళ్ళే కల్పించిన్రనుకున్న. నా పేరు శ్రీనివాస్, మాది సూర్యాపేట దిక్కు. ఆ పని నాకు రాదని చెప్పిన, వినలే."

మస్తాన్ తిట్టలేదు. నేను ఊహించని ప్రశ్న అడిగాడు. "డిసెంబర్లో ఉపవాసం ఉన్నావంట కదా?"

"ఆఫీసుల ఎవరో అడిగిన్రు, ఫాస్టింగా అని. అవునన్న. మళ్ల తింటె అనుమానపడ్తరని నెలంత అట్లనే ఉన్న."

"నీళ్ళు?"

"ఆఫీసుల తాగలేదన్నా."

మస్తాన్ చెయ్యి చాచి ఫోన్ తనే కట్ చేశాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "మా నాన్న పోయిన రోజు నేను ఉపవాసం విరిచాను మేడమ్," అన్నాడు. "ఇక్కడ వాడు నా పేరు మీద ఉపవాసం ఉన్నాడు."

నీళ్ళగ్లాసు అతని ముందు పెట్టాను.

పోలీసుల దగ్గరికి వెళదామన్నాను. ఆ కన్సల్టెన్సీ అప్పటికే మూతపడింది. దొరికేది సూర్యాపేట కుర్రాడు ఒక్కడే. "వాణ్ణి ఇండియాకు పంపించేస్తారు. పేపర్లో పడుతుంది, మస్తాన్ వలీ అని నా పేరే పడుతుంది," అని మస్తాన్ ఒప్పుకోలేదు. తర్వాత నేను ఆ నంబరుకు చేస్తే పనిచేయలేదు.

హెలెన్ తన వంతుగా, ఇతను వేరు అతను వేరని ఉత్తరం రాసిచ్చింది. దాన్ని జతచేసి పది చోట్లకు పంపాను. ఎవరూ పిలవలేదు. ఊళ్ళో ఏజెన్సీలు ఒకదానికొకటి ఫోన్లు చేసుకుంటాయి. చెడ్డ సంగతి ఒక్క మాటలో చేరిపోతుంది, దానికి సమాధానం చెప్పాలంటే పేజీ కావాలి. ఒక రెజ్యుమె పక్కన అలాంటి పేజీ ఉందంటే దాన్ని పక్కన పెట్టి తర్వాతిది తీస్తారు. వేరే రెజ్యుమెలు ఎన్నో ఉన్నాయి మరి. పని దొరక్కపోవడానికి పేరు ఎంత కారణమో, తగ్గిన ఉద్యోగాలు ఎంత కారణమో నేను ఇప్పటికీ చెప్పలేను. అది తేల్చుకోలేకపోవడమే అతన్ని ఎక్కువ కుంగదీసింది.

గ్లెన్ మంచి ఉద్దేశంతోనే ఒక సలహా ఇచ్చాడు. "రెజ్యుమె మీద మ్యాట్ షేక్ అని పెట్టుకోమను."

చెప్పాను. మస్తాన్ లేచి నిలబడ్డాడు. "వాడు నా పేరు తీసుకున్నాడని, నేను పోయి ఇంకో పేరు తీసుకోవాలా మేడమ్?" అన్నాడు. అతను మా ఆఫీసుకు రావడం అదే ఆఖరు.

కొన్నాళ్ళకు మెల్బోర్న్ వెళ్ళిపోయారని తెలిసింది. ఒక గిడ్డంగిలో సరుకు ఎత్తే పని. షమీమ్ ఒక చైల్డ్‌కేర్‌లో చేరింది. నేను మాత్రం ఆ తర్వాత నా చేతికొచ్చిన ప్రతి రెజ్యుమెలో పుట్టినతేదీ, తండ్రిపేరు, పాస్‌పోర్ట్ నంబరు తీసేసి గానీ ఎవరికీ పంపలేదు. కొందరు అభ్యర్థులు నొచ్చుకునేవాళ్ళు, తమ అర్హతలు తగ్గించానని. మస్తాన్ పేరుతో సైట్లలో ఉన్న రెజ్యుమెలను తీయించడానికి కూర్చున్నాను. కొన్ని పోయాయి. కొన్ని సైట్ల వాళ్ళు జవాబివ్వలేదు. ఎవరెవరి కంప్యూటర్లలోకి అప్పటికే దిగిపోయాయో ఎవరికి తెలుసు?

ఏడాది దాటాక ఒకరోజు ఫోన్ చేశాడు. "కొడుకు పుట్టాడు మేడమ్," అన్నాడు. గొంతులో సంతోషం ఉంది.

"అభినందనలు! ఎప్పుడు?" అన్నాను.

తేదీ చెప్పబోయి ఆగాడు. "ఈ మధ్యేలెండి," అన్నాడు. పేరు నేను అడగలేదు, అతను చెప్పలేదు. షమీమ్ కులాసానా అని అడిగి పెట్టేశాను.

తాళం పోతే తాళం మార్చుకుంటాం. పాస్‌వర్డ్ పోతే ఇంకొకటి పెట్టుకుంటాం. పుట్టినతేదీని, కన్నతండ్రిని మార్చుకోలేం. నువ్వు నువ్వేనా అని తేల్చుకోవడానికి లోకం అడిగేది మాత్రం సరిగ్గా వాటినే. ఇరవై ఏళ్ళకు పైగా ఈ వృత్తిలో ఉండి నేను నేర్చుకున్నది చాలా చిన్న విషయం. ఎవరైనా ఒక గడి నింపమన్నప్పుడు, "ఇది మీకెందుకు?" అని ముందు అడుగుతాను. కౌంటర్ అవతలివాళ్ళు విసుక్కుంటారు. చాలాసార్లు వాళ్ళకూ తెలియదు.